ఒక్క మాటడిగితే

ఒక ఇంగ్లీషు మాటకి ఒక్క అర్థం చెప్పి ఊరుకున్న పాపాన చక్రపాణి గారు ఏనాడూ పోలేదు. మీరు ఒక మాటడిగితే, అవే అక్షరాలతో మొదలయ్యే మాటలన్నిటినీ తెచ్చి బోర్డు మీద కూర్చోబెడతారు.

రిటైరైన ఇంజినీరు. అమెరికాలో, శాన్ రామన్ ఊరి లైబ్రరీలో శనివారాలు తెలుగు ఆడవాళ్లకి ఉచితంగా ఇంగ్లీషు చెప్పేవారు. ఓసారి క్లాసులో స్మృతి ‘రీఫండ్’ అంటే ఏంటని అడిగింది. రెఫ్యూజ్ అంటే కాదనడం, రెఫ్యూజీ అంటే తలదాచుకోవడానికి వచ్చినవాడు, రిఫ్రిజిరేటరు... ఆయన రీఫండ్ దగ్గరికొచ్చేసరికి క్లాసు టైమైపోయింది.

“షాపువాడిచ్చిన గడువు కూడా అయిపోయింది సార్” అంది స్మృతి.

హైమకి ఆయనంటే విసుగే. ఇంట్లో కూర్చోడం కంటే నయమని వచ్చేది. పాతికేళ్లుగా ఆ ఇంట్లో ఇంగ్లీషంతా మొగుడు ఉదయ్‌ది, సంతకాలు మాత్రం ఆమెవి. “నీకర్థం కాదులే, ఇక్కడ పెట్టు” అనేవాడు. పెట్టేది. ఈసారి “ఇన్సూరెన్స్ కాగితాలు” అంటూ ఎటో చూస్తూ ఇచ్చాడు. ఇన్సూరెన్స్ అన్న మాట హైమ చదవగలదు. ఆ కాగితాల్లో ఎక్కడా అది లేదు. పైన పెద్దక్షరాల్లో వేరే మాటుంది.

దాన్ని చీటీ మీద దించుకుని, క్లాసుకి ముందు ఆయన్ని పక్కకి పిలిచి చూపించింది. డిసొల్యూషన్.

చక్రపాణి గారు చీటీని చూశారు, ఆమెని చూశారు. గొంతు తగ్గించి, “సంతకం పెట్టారామ్మా?” అన్నారు.

“లేదండీ.”

“పెట్టకండి. రండి లోపలికి.”

బోర్డు నిండా పదిహేను మాటలు రాశారు. డిస్టెన్స్ అంటే దూరం. డిసీజ్ అంటే జబ్బు. “డిసొల్యూషన్ అంటే కరిగిపోవడం. ఇక్కడి కోర్టుల్లో విడాకుల్నీ ఇలాగే అంటారు. డిస్కౌంట్ మీకు తెలిసిందే.”

“అదొక్కటీ ఉంచి మిగతావి చెరిపేయండి సార్” అంది వెనక నుంచి ఉష.

క్లాసంతా నవ్వింది. హైమ అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ పదిహేనింట్లో తనది ఏదో ఒక్కరికీ తెలీదు.

వెళ్లేటప్పుడు ఆయన తలా ఓ కాగితం పంచారు. దాని మీద కోర్టులో ఉచితంగా సాయం చేసేవాళ్ల ఫోన్ నంబరుంది.

“మాకెందుకండీ ఇది?” అంది స్మృతి.

“అంకెలు చదవడం ప్రాక్టీసు.”

అప్పుడు వెలిగింది హైమకి. పోయిన నెల బోర్డు మీద బయాలజీ, బయోడేటా, బయాప్సీ. ఆ రోజు పంచిన నంబరు హాస్పిటల్‌ది. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది ఉష.

హైమ ఉష దగ్గరికి నడిచింది. “కాఫీకి వెళ్దామా ఉషా?” అంది.

సోమవారం సాయంత్రం ఉదయ్ పెన్ను తీసుకొచ్చాడు. “ఇంకా పెట్టలేదా?”

“లాయర్ చూసేదాకా పెట్టను. గురువారం రమ్మన్నారు.”

“నువ్వు లాయర్‌తో మాట్లాడావా? ఇంగ్లీషులోనా?”

“నాకొచ్చినంత మాట్లాడాను” అంది హైమ. “వాళ్లకి అర్థమైంది.”