మాటలోంచి జారిన ఆవు

మా కింది వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన అద్దెకు దిగిన నాటి నుంచీ నాకు ఆయన మీద నమ్మకం లేదు. బర్మా ఆయన, నలభై దాటిన ఒంటరి మనిషి. ఎవరు మెట్లెక్కినా తలెత్తి చూసేవాడు. ఆ ఏడు రంగూన్‌లో విద్యార్థులు వీధికెక్కారు, కాల్పులు జరిగాయి, తర్వాత సైన్యం వచ్చి కూర్చుంది. పజుండౌంగ్‌లో మా సందులో పలకరింపులు కూడా తగ్గిపోయాయి. ఎవరు ఎవరి మనిషో తెలీదు. నా దృష్టిలో మాత్రం కిందాయన ఖచ్చితంగా వాళ్ల మనిషే.

భయమంతా నన్ను అప్పా అని పిలిచే తమ్ముడి గురించి. కాలేజీలో చదివేవాడు, ఊరేగింపుల్లో జెండా పట్టుకుని ముందు నడిచాడు. వాడితో నడిచిన ఇద్దర్ని అప్పటికే తీసుకుపోయారు. ఏటి అవతల తాకేటాలో మేనత్త ఇంట్లో ఉన్నాడని అందరికీ చెప్పి, వాణ్ణి వెనక గదిలో దాచాం. రెండు వారాలకే వాడు అందరి మీదా కయ్యిమని లేవడం మొదలెట్టాడు.

వాడి కోసమే నాన్న, ఓడల్లో పనిచేసే స్నేహితుడి దగ్గర్నుంచి వీడియో, ఒక ఇంగ్లీషు సినిమా క్యాసెట్టు తెచ్చాడు. మధ్యాహ్నం కిటికీలు మూసి, సౌండు తగ్గించి పెట్టాం. పశువుల మందను వందల మైళ్లు తోలుకెళ్లాల్సిన ఒక ముసలాయన కథ. పనివాళ్లంతా బంగారం దొరుకుతుందని ఎటో పోతే, బడికెళ్లే పిల్లల్ని పనిలో పెట్టుకుంటాడు. నాన్న తెలుగులో చెప్తుంటే మామ్మ, అంటే నాన్నకి అమ్మ, నోరు తెరుచుకుని చూసింది.

మధ్యలో కొత్త మనిషొకడు వచ్చి పని అడుగుతాడు. "ఆడ్ని పెట్టుకోకురా ముసిలోడా, ఆడి చూపు బాగునేదు" అంది మామ్మ. సరిగ్గా అప్పుడే మా తలుపు తట్టారు. తమ్ముడు వెనక గదిలోకి దూరాడు. వచ్చింది కిందాయన. ఏదో చప్పుడు వినిపించిందట. సినిమా అని చెప్పాం కదా, వెళ్లొచ్చుగా. గుమ్మం దగ్గరే చతికిలబడి ఆఖరిదాకా చూశాడు. ఒకసారి ఆయన చూపు చాప మీదున్న టీ గ్లాసుల మీద పడింది. మేం ముగ్గురం, గ్లాసులు నాలుగు.

మూడో రోజు పొద్దున్న వార్డు ఆఫీసు మనుషులు ఇద్దరు, ఒక సిపాయి వచ్చారు. బూట్ల చప్పుడు వినగానే తమ్ముడు వంటింటి వెనక మెట్ల మీంచి దిగిపోయాడు. ఎటు పోయాడో చూసే వ్యవధి లేదు.

"ఈ ఇంట్లో తుపాకులు పట్టిన చౌంతాలు పదిమంది ఉన్నారట" అన్నాడు అందులో పెద్దవాడు. చౌంతా అంటే బర్మా భాషలో విద్యార్థి. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మధ్య మా గడప తొక్కిన పరాయి మనిషి ఒక్కడే. వాళ్లు మంచం కింద చూశారు, బీరువా తెరిచారు, తమ్ముడి పుస్తకాలు తీసి "ఇవెవరివి, వాడెక్కడ?" అన్నారు.

నేనే అందుకున్నాను. "మమ్మల్నేం అడుగుతారు, కింది గదిలో చూడండి. రోజూ ఎవరెవరో వచ్చిపోతుంటారు ఆయన దగ్గరికి."

పుస్తకాలు వదిలేసి దిగారు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది.

నేనూ వెనకాలే దిగాను. ఆయన తలుపు తీసి నిలబడి ఉన్నాడు. ఒకటే గది. గుమ్మంలోంచే మొత్తం కనిపిస్తుంది: గోడ నిండా గడియారాలు, పని బల్ల, బల్ల అంచు నుంచి నేలదాకా వేలాడే నల్లగుడ్డ. సిపాయి లోపలికి అడుగెయ్యబోతే, "ఎవరొస్తారో ఆఫీసుకొచ్చి చెప్తాను పదండి" అంటూ తనే బయటికొచ్చి తాళం వేశాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "సాయంత్రం గడియారాలకి కీ ఇవ్వమ్మా, ఆగిపోతాయి" అన్నాడు. గొంతులో కోపం లేదు. బాగా నటిస్తున్నాడనుకున్నాను. తన వాళ్లతో తను వెళ్తున్నాడు, మిగతా చాడీలు అక్కడ చెప్తాడనుకున్నాను.

పైకొస్తే మామ్మ ఏడుస్తోంది. "నానే చెప్పీసినానే. పంపుకాడ బర్మా ఆడోళ్లు మీ ఇంట్లో ఏటా చప్పుడని అడిగితే, పదిమంది చౌంతాలు తుపాకులట్టుకుని దొంగల్ని ఏసీసినారని చెప్పీసినాను."

"చౌంతాలేటి మామ్మా?"

"అదేనే, సినిమాల ఆవులు తోలే గుంటలు."

ఆవులు తోలే కుర్రాణ్ణి బర్మాలో న్వా చౌంతా అంటారు. న్వా అంటే ఆవు. అరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా మామ్మ బర్మా మాటల్లో ముందు ముక్క మింగేస్తుంది. ఆవును మింగేస్తే మిగిలేది విద్యార్థి. ఆ అలవాటుకి ఇన్నాళ్లూ నవ్వుకునేవాళ్లం.

అంటే కిందాయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. పరుగెత్తుకెళ్లి తాళం తీశాను. నల్లగుడ్డ కదిలింది. బల్ల కింద నుంచి తమ్ముడు మోకాళ్ల మీద బయటికొచ్చాడు.

"ఆయనే లోపలికి లాగీసినాడప్పా" అన్నాడు. మోకాళ్లు దులుపుకుని, "పైన నువ్వన్నది ఇక్కడికి ఇనబడింది. ఇద్దరం ఇన్నాం" అన్నాడు.

ఆ రోజే వాణ్ణి నిజంగానే తాకేటా పంపాం. సాయంత్రం గడియారాలన్నిటికీ కీ ఇచ్చాను. మర్నాడూ, ఆ మర్నాడూ ఇచ్చాను. ఆయన ఇరవై రోజులకి తిరిగొచ్చాడు, బుగ్గలు పీక్కుపోయి. తాళంచెవి తీసుకుని, "ఏవైనా ఆగాయా?" అని అడిగాడు. "లేదు" అన్నాను. క్షమించమని మాత్రం అడగలేదు, ఇప్పటికీ అందుకు సిగ్గేస్తుంది. నేను మెట్లెక్కుతుంటే ఆయన ఎప్పటిలాగే తలెత్తి చూశాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను.