గట్టు దాకా పాడిన పాట

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక పెద్దాయన కొత్త ఆల్బమ్ వినిపించింది. ఆయన పేరు కింద అతిథి గాయకుల పేర్లు వరసగా ఉన్నాయి. "ఇలాంటిది మా నాన్న ఎప్పుడో చేశాడే" అంటూ బీరువాలోంచి నల్ల రికార్డు తీసి పాత ప్లేయరు మీద పెట్టాను.

మీలో డెబ్బైల్లో తిరువూరులో చదువుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, గిటారు మాస్టారంటే మా నాన్నే. నాట్ల పాటల వరసల్లో సొంత మాటలు కట్టి, చర్చిలో వాయించే గిటారు మీదే పాడేవాడు. ఆ పాటలు రికార్డు చేయడానికి మద్రాసు నుంచి ఒకాయన మా బడికి టేపు మిషను తెచ్చినప్పుడు, తనతో పాడటానికి పెనుగొలను నుంచి నాట్లేసే ఆడవాళ్లను నలుగురిని పిలిచాడు. మైకు ముందు నిలబెడితే ఒక్కరికీ గొంతు పెగల్లేదు.

"వీళ్లెందుకు మాస్టారూ, మీరొక్కరే పాడండి" అన్నాడు మద్రాసాయన.

"వాళ్లు లేకపోతే నాకసలు రికార్డే వద్దండి" అన్నాడు నాన్న.

ఆ మాటకి నలుగురిలో పెద్దదైన మరియమ్మత్త చీర ఎగ్గట్టింది. "నిలబడి ఎప్పుడు పాడాం మాస్టారూ? వంగితేనే వచ్చిద్ది పాట."

నలుగురూ ఆ బడి గదిలో నడుం వంచి, పొలంలో నాటేటప్పటిలాగే ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ ఎత్తుకున్నారు. గిటారుతో నాన్నా వాళ్ల వెంటే నడిచాడు. మైకు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. అయినా మద్రాసాయన మళ్లీ పాడమనలేదు.

రికార్డు వచ్చాక చూస్తే, అట్ట మీద నాన్న పేరు ఎంత పెద్దగా ఉందో, వాళ్ల పేర్లూ అంతే పెద్దగా ఉన్నాయి. అది పట్టుకుని బడంతా తిరిగాను నేను.

మొన్న పాట చివర్లో గొంతులు మెల్లగా దూరమైపోయాయి. "రికార్డు అరిగిపోయిందా అమ్మమ్మా?" అంది మనవరాలు.

"లేదే. గట్టు దాకా నాటేశారు."