రూబెన్ గారి ఎగిరే పందిరి

రూబెన్ గారికి ఒక్కటే జబ్బు: నిలవని పందిరి వేయడం.

వెల్లింగ్టన్ ఊళ్లో, జాన్సన్‌విల్‌లో మా పక్కిల్లే ఆయనది. యూదులు. ఏటా వసంతంలో, గాలి మనుషుల్ని కూడా తోసుకుపోయే రోజుల్లోనే, వాళ్ల పండుగ వస్తుంది. పెరట్లో పందిరి వేసి, పైన ఫెర్న్ మట్టలు కప్పి, వారం రోజులు అందులోనే భోజనాలు. సందుల్లోంచి చుక్కలు కనబడాలట. ఆయన పందిరిలోంచి చుక్కలేం ఖర్మ, మొత్తం ఆకాశమే కనబడేది. కప్పు అప్పటికే ఎవరి పెరట్లోనో ఉండేది.

ఒకసారి ఎదురింటి లోకేశ్ వాళ్ల కారు మీద, ఒకసారి ఆరేసిన నా చీరల్లో. ఎవరింట్లో పడితే వాళ్లు మట్టలు మోసుకుంటూ తిట్టడానికి వచ్చేవారు. తిట్లు సగంలో ఉండగానే చేతికి సూప్ గిన్నె వచ్చేది.

ఆయన స్వయంగా కట్టిన కంచె మీంచి ఒకనాడు అడిగేశాను. అడగకపోతే నాకు అన్నం సయించదు. మా మాటలు సగం ఇంగ్లీషు, సగం చేతులు, నాకర్థమైనట్టు రాస్తున్నాను.

“ఎందుకన్నా ఈ తిప్పలు?”

“దేవుడితో ఒడంబడిక, భాగ్యమ్మా. ఎడారిలో గుడిసెల్లో బతికిన సంగతి మరిచిపోమని మాటిచ్చాం.”

“సంతకం ఎవలు పెట్టిండ్రు?”

“దేవుడు ఆ ఒడంబడిక చేసిన కొండ దగ్గర మావాళ్లందరూ ఉన్నారు. నేనూ ఉన్నట్టే లెక్క.”

“నీకప్పటికి ఎన్నేండ్లు?”

ఆయన చెవి మిషన్ సర్దుకున్నారు.

“మరి గట్టిగ కట్టుమని చెప్పలేదా నీ దేవుడు?”

“మామూలు గాలికి ఆగితే చాలన్నారు మా పెద్దలు. వెల్లింగ్టన్ గాలి మామూలుదా?”

ఎన్నిసార్లు అడిగినా ఇదే జవాబు. ఒళ్లు మండి, ఈ ఏడు పెళ్లిపందిరికి కట్టినట్టు నేనే తాళ్లతో బిగించాను. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నారు.

పండుగనాడు గాలి ఊళ పెట్టింది. ఒక్క ఆకు కదిలితే ఒట్టు! నా పనితనం చూసుకుందామని వెళ్తే, రూబెన్ గారు ఖాళీ కుర్చీల మధ్య ఒక్కరే కూర్చుని అవతలి పక్క కీత్ ఇంటివైపు చూస్తున్నారు. కీత్ భార్య మొన్నటి చలికాలంలో పోయింది. అప్పటినుంచీ టమోటా మొక్కలకు తప్ప ఎవరికీ ముఖం చూపడు.

“పిల్వరాదె?”

“పిలిచాను. జాలిపడి పిలిచాననుకుంటాడు, రాడు. తిట్టడానికైతే పరుగున వస్తాడు.”

నేను ఆయన కట్టిన కంచె వైపు చూశాను. ఎన్ని గాలులు కొట్టినా అది ఇంతవరకూ వంగలేదు.

“దొంగ మనిషివన్నా నువ్వు! ఓ ముడి విప్పుకోరాదు మరి?”

“పండుగపూట విప్పకూడదు. విప్పమని అడగనూ కూడదు,” అంటూ ఆయన మబ్బుల్లో ఏదో వెతకడం మొదలుపెట్టారు.

నన్ను ఏ కొండ దగ్గరికీ ఎవరూ పిలవలేదు కదా! కుర్చీ ఎక్కి, కీత్ వైపు మూల ముడి లాగేశాను. మిగతాది గాలి చూసుకుంది.

“రూబెన్! నీ కొంప మళ్లీ నా టమోటాల మీద పడింది!” కీత్ మట్టలు ఈడ్చుకుంటూ వచ్చాడు.

“ముందు కూర్చో. సూప్ చల్లారుతోంది.”

తిట్టుకుంటూనే కూర్చున్నాడు. రెండో గిన్నె దగ్గర తిట్లు ఆగాయి. మూడో గిన్నె దగ్గర తలెత్తి మిగిలిన కప్పు చూశాడు.

“ఇంత చెత్తగా ఎవరు కట్టారు?”

నా ముడికి ఇంతవరకూ వంక పెట్టినవాడు లేడు. అయినా మింగేశాను.

“నేనే. మామూలు గాలికి నిలుస్తది. వెల్లింగ్టన్ గాలి మామూలుదా?”

రూబెన్ గారు ముఖం సూప్ గిన్నెలో దాచుకున్నారు.