నోవైలో కొనకుండా వచ్చిన డీజిల్ బండి

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. భోజనాలయ్యాక ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే, గిన్నెలు కడగాలనే వంకతో వంటింట్లోకి లేచి వెళ్ళిపోయేదాన్ని. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం నాది. కంటికి కనిపించినదాన్ని కూడా మరోసారి పరీక్షించందే నమ్మని అలవాటు. దెయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

ఎనభైల మొదట్లో మేము మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. మేమంటే నేనూ, మా ఆయన ప్రభాకరం. పిల్లలు లేరు. ఆయన ఒక కార్ల కంపెనీలో డీజిల్ ఇంజిన్లు పరీక్షించే ఇంజనీరు. ఇంజిన్ల దగ్గర ఎంత ఓపికో, మనుషుల దగ్గర అంత తొందర. నేను సగం మాట చెప్పేలోగా మిగతా సగం తనే చెప్పేసేవారు, అదీ తప్పుగా.

నలభై దాటిన కొత్తల్లోనే ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మొదట ఆసుపత్రికి వెళ్ళి మిషన్ పక్కన గంటలకొద్దీ పడుకోవాల్సి వచ్చేది. అప్పుడే ఇంట్లో చేసుకునే పద్ధతి ఒకటి కొత్తగా వచ్చింది. పొట్టకు అమర్చిన గొట్టంలోంచి మందునీళ్ళు లోపలికి ఎక్కించి, కొన్ని గంటలుంచి, తిరిగి సంచిలోకి దించేయడం. రోజుకు నాలుగుసార్లు ఇదే పని. మిషన్ అక్కర్లేదు గానీ చోటు మాత్రం పరిశుభ్రంగా ఉండాలి. కాస్త మురికి చేరినా లోపల చీము పడుతుంది.

మిషన్ వదిలిన రోజున ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇక మనల్ని కట్టేసేది ఏమీ లేదు సుశీలా. రోడ్డు అయిపోయేదాకా డ్రైవ్ చేసుకుంటూ పోదాం. పసిఫిక్ చూద్దాం" అన్నారు. అమెరికా వచ్చిన నాటినుంచీ ఆయనకు ఆ కోరిక ఉంది. ఆఫీసు, ఇల్లు తప్ప ఏదీ చూసింది లేదు. డాక్టరు వెళ్ళవచ్చన్నాడు. వెళ్ళేదేదో త్వరగా వెళ్ళమని నాతో విడిగా అన్నాడు.

మోటెల్ గదుల శుభ్రతను నమ్మలేం. అందుకని మంచం, సింకు, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే మోటార్‌హోమ్ కొనాలనుకున్నాం. కొత్తది కొనే తాహతు లేదు, పాతదే చూసుకోవాలి. మరీ పెద్దదైతే తిప్పే ఓపిక ఆయనకు లేదు. చిన్నదైతే మందునీళ్ళ పెట్టెలకు చోటు చాలదు. కాబట్టి మధ్యరకం. పైగా డీజిలే కావాలని ఆయన పట్టు. దూరప్రయాణానికి అదే నమ్మకమైనదట. అప్పట్లో అలాంటివి దొరకడమే కష్టం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళెవరూ మా ఆయనతో కలిసి బండి కొనడానికి వెళ్ళి ఉండరు.

పని పంచుకున్నాం. బండి వెనక భాగం నాది. పరుపు కింద చెమ్మ వాసన వస్తోందా, మంచానికీ సింకుకూ ఎంత దూరం, సంచి వేలాడదీయడానికి పైన గట్టి కొక్కెం పెట్టుకోవచ్చా, ఇవి నేను చూసేదాన్ని. ముందు భాగం ఆయనది.

ఆ బండ్లలో ఇంజిన్ డ్రైవరు సీటుకూ పక్క సీటుకూ మధ్యకు పొడుచుకు వస్తుంది. దానిమీద కార్పెట్ అంటించిన పెట్టెలాంటి మూత ఉంటుంది. ఆయన లోపలికి ఎక్కగానే, అమ్మేవాడికి హలో అయినా చెప్పకుండా, సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు ఆ మూత మీద అరచెయ్యి పెట్టేవారు. వెచ్చగా తగిలిందా, మారుమాట లేకుండా దిగిపోయేవారు.

ఎందుకంటే డీజిల్ ఇంజిన్ చలికి మొరాయిస్తుంది. దాని అసలు రోగం బాగా చల్లబడి ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే బయటపడుతుంది. అమ్మేవాళ్ళు ఆ సంగతి తెలిసి, మనం వెళ్ళేముందే చాలాసేపు నడిపి వెచ్చబెట్టి ఉంచుతారు. ఈయన ఫోన్‌లోనే ఇంజిన్ ముట్టుకోవద్దని చెప్పేవారు. అయినా కొందరు వినేవాళ్ళు కాదు. ఒకాయనైతే తను వెచ్చబెట్టిన ఇంజిన్ మీది మూత చల్లారేదాకా మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ మీద కాఫీ పోశాడు.

"వేడిగా ఉందంటే ఏదో దాస్తున్నాడని. కొనొద్దు, అంతే. రేపు నువ్వొక్కదానివే చూడాల్సొచ్చినా ఇదే రూల్" అనేవారు. 

"పెళ్ళిచూపుల్లో కూడా నన్నింత పరీక్షగా చూడలేదు మీరు" అన్నాను ఓసారి.

"అప్పటికి నాకింత ఎక్స్‌పీరియన్స్ లేదు" అన్నారు.

మూత చల్లగా తగిలిన బండిని మాత్రం స్టార్ట్ చేసి కాసేపు డ్రైవ్ చేసేవారు. ఇంజిన్ వేడెక్కాక కుడిచెయ్యి స్టీరింగ్ మీదనుంచి తీసి మూత మీద, నా సీటు వైపు అంచున పెట్టుకునేవారు. ఆ జబ్బుతో ఒంట్లో రక్తం తగ్గి ఆయన చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి. రెండు చేతులతో నడపమని నేను కసిరేదాన్ని. ఆయన వినేవారు కాదు.

ఆ చలికాలం అలా ఎన్నో చూశాం, ఏదీ కుదరలేదు. చివరికి మా పక్క ఊరు నోవైలో ఒక ముసలాయన దగ్గర మాకు కావలసిన సైజులో డీజిల్ బండి ఉందని తెలిసింది. ఆయన భార్య పోయాక బండిని వాడటం మానేసి, బ్యాటరీ తీసి బేస్‌మెంట్‌లో పెట్టేశాడట. ఫోన్‌లో అది వినగానే మా ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది. బ్యాటరీ లేదంటే వెచ్చబెట్టే వీలే లేదు కదా. శనివారం వస్తామని, తను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దని చెప్పారు.

ఆ శనివారం మేము వెళ్ళలేదు. అంతకుముందే ఆయనకు పొట్టలో నొప్పి మొదలైంది. సంచిలోకి దిగిన నీళ్ళు మబ్బుగా ఉన్నాయి. లోపల చీము పట్టిందని దాని అర్థం, అది నాకు తెలుసు. నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళాను. ఆ నీళ్ళు పరీక్షకు మా ల్యాబ్‌కే వచ్చాయి. మావాళ్ళు వాటిని నా చేతికి ఇవ్వలేదు. విషం రక్తంలోకి పాకింది. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు.

అంత్యక్రియలు ఇక్కడే జరిగాయి. అస్థికలను గోదావరిలో కలపాలని ఆయన తమ్ముడు ఇండియా నుంచి ఫోన్ చేశాడు. సరేనన్నాను గానీ నా మనసులో వేరే ఉంది. రోడ్డు అయిపోయేదాకా వెళ్దామన్న మనిషిని విమానంలో వెనక్కి పంపడం నాకు ఇష్టం లేదు. ఆయన అడిగింది పసిఫిక్. రోడ్డు మీదే తీసుకెళ్ళాలి, ఎలాగో తెలియదు.

ఆ రోజుల్లోనే నోవై ముసలాయన ఫోన్ చేశాడు. మీ ఆయన రాలేదేమిటి, ఆయన చెప్పినట్టే బండిని ఎవరూ ముట్టుకోలేదు, ఇంకా కావాలా అని అడిగాడు. ఆయన పోయారని చెప్పాలని నోరు తెరిచాను. ఈ శనివారం మేము వస్తాం అన్నాను. ఇంగ్లీషులో కూడా 'మేము' అనే వచ్చింది.

తోడుగా సామ్యూల్‌ని తీసుకెళ్ళాను. మా ఆయన ఆఫీసులోనే పనిచేసేవాడు, గుంటూరు వైపు కుర్రవాడు. ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడేవాడు. మా ఆయన్ని అన్నయ్యగారు, నన్ను వదినగారు అనేవాడు. ఆసుపత్రిలో ఆఖరిదాకా మాతోనే ఉన్నాడు.

మేము వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఆకాశం మబ్బుపట్టి ఉంది, ఎండ లేదు. బండి ఇంటి వెనక నిలిపి ఉంది. టైర్లు సగందాకా మంచులో కూరుకుపోయాయి. ముందు అద్దాన్ని టార్పాలిన్‌తో కప్పారు, దానిమీద కూడా మంచు పేరుకుంది. బండి చుట్టూ ఎక్కడా అడుగుజాడ లేదు. ముసలాయన పారతో దారి చేస్తేనే తలుపు దాకా వెళ్ళగలిగాం. ఇవన్నీ అప్పుడు కావాలని గమనించినవి కావు. తరువాత ఒక్కొక్కటే గుర్తుచేసుకొని సరిచూసుకున్నాను.

మొదట నా పని నేను చేశాను. పరుపు పొడిగా ఉంది. సింకు మంచం పక్కనే ఉంది. సంచి తగిలించడానికి సరిగ్గా కావలసిన ఎత్తులో ఒక అడ్డకమ్మీ ఉంది. ఇన్నాళ్ళూ వెతికిన బండి ఇదే, కానీ ఇప్పుడు తగిలించడానికి సంచే లేదు. మంచం మీద కూర్చొని ఏడ్చాను. సామ్యూల్ నన్ను చూసి బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

తేరుకున్నాక ముందుకు వచ్చి నా సీట్లో కూర్చున్నాను. గ్లవ్ తీసి మూత మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. చెయ్యి నా సీటు వైపు అంచుకు జరిపాను. అక్కడ వెచ్చగా ఉంది.

నా చేతులు చలికి మొద్దుబారి అలా అనిపించిందనుకున్నాను. చంకలో పెట్టుకొని వేడి చేసుకొని మళ్ళీ చూశాను. అరచెయ్యి పట్టేంత మేర వెచ్చగా ఉంది. దాని పక్కనంతా చల్లగానే ఉంది. సామ్యూల్‌ని పిలిచి, ఏమీ చెప్పకుండా, మూత అంతా తడిమి చూడమన్నాను. అతని చెయ్యి కూడా అక్కడికి వచ్చి ఆగింది.

"వదినగారూ, ఇక్కడ హీటర్ లాంటిదేమన్నా ఉందా?" అన్నాడు.

ముసలాయన్ని అడిగాం. అలాంటిదేమీ లేదన్నాడు. తను కూడా చెయ్యి పెట్టి చూసి, వెంటనే తీసేసి నా ముఖంలోకి చూశాడు. బేస్‌మెంట్‌కి తీసుకెళ్ళి బ్యాటరీ చూపించాడు. దానిమీద దుమ్ము ఉంది. తిరిగొచ్చి మూత విప్పి, కింద ఇంజిన్ ఇనుము మీద చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. వేళ్ళు అతుక్కుపోయేంత చల్లగా ఉంది. మూత మళ్ళీ బిగించాక చూస్తే ఆ చోటు ఇంకా వెచ్చగానే ఉంది.

ఏం చేయాలో నాకు తోచలేదు. మా ఇంట్లో యంత్రాల విషయం ఎప్పుడూ ఆయనదే. వేడిగా ఉంటే కొనొద్దు, నువ్వొక్కదానివే చూసినా ఇదే రూల్ అన్నారు. ఇప్పుడు నేనొక్కదాన్నే చూస్తున్నాను. ఆయన వద్దంటున్నారు, ఒంటరిగా అంత దూరం పోవద్దంటున్నారు, అనుకున్నాను. ఆ క్షణంలో నాకు మరో అర్థమే తట్టలేదు. ముసలాయనకు థాంక్స్ చెప్పి, తలుపు వేసి దిగాను.

కారెక్కాక సామ్యూల్ తాళం చేత్తో పట్టుకుని నావైపు తిరిగాడు. "నేను ప్రేయర్ చేసుకున్నాను వదినగారూ. నాకేం తెలీట్లేదు. మీరు కొంటానంటే నేను డ్రైవ్ చేస్తా, లీవ్ పెడతా" అన్నాడు. 

"వద్దన్నారు కదయ్యా" అన్నాను. 

అతను కారు స్టార్ట్ చేశాడు.

ఎండాకాలంలో మా మరిది వచ్చి అస్థికలు తీసుకెళ్ళాడు. గోదావరిలో కలిపారు. శాస్త్రోక్తంగా జరిగిందని అందరూ సంతోషించారు.

ఆ తరువాత చాలాకాలానికి నోవైలో ఒక కిరాణా షాపులో ఆ ముసలాయన కనిపించాడు. నన్ను గుర్తుపట్టాడు. ఆ బండిని రిటైరైన దంపతులెవరో కొనుక్కున్నారట. అలాస్కా దాకా వెళ్ళి వచ్చారట. గడ్డకట్టే చలిలో కూడా తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుందని, దారిలో ఒక్క రిపేరు కూడా రాలేదని చెప్పాడు. ఆ వెచ్చదనం గురించి వాళ్ళేమన్నా అన్నారా అని అడిగాను. లేదన్నాడు. మేము వచ్చి వెళ్ళిన మర్నాడు తను మళ్ళీ చెయ్యి పెట్టి చూస్తే అంతా చల్లగానే ఉందన్నాడు.

సామాను అక్కడే వదిలేసి బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. ఇంజిన్‌లో దాచిన రోగమేదీ లేదు. అలాంటప్పుడు ఆయన రూలు దానికి వర్తించదు. ఆ వెచ్చదనం వద్దని చెప్పడానికి కాకపోతే మరి ఎందుకు? బండిని చూడటానికి వస్తానని మాట ఇచ్చిన మనిషి వచ్చి, నా పక్కన కూర్చొని, ఎప్పటిలా మూత అంచున చెయ్యి పెట్టుకొని, పోదాం పద అన్నారా? అలాగైతే ఆయన్ని ఆ మంచులో వదిలేసి తలుపు వేసి వచ్చింది నేనే.

లెక్కప్రకారం ఆలోచించే ప్రయత్నం చాలా చేశాను. అంత చలిలో అరచెయ్యంత మేర వేడి ఎక్కడినుంచి వచ్చిందో ఇంజనీర్లను అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. దాన్ని దెయ్యమనండి, భ్రమ అనండి, నాకు అభ్యంతరం లేదు. రమ్మన్నారా, వద్దన్నారా, అదొక్కటి తెలిస్తే చాలు. పసిఫిక్ ఇంతవరకు నేను చూడలేదు.