కుప్పానికి మోసుకెళ్లిన రెండు ఫోర్కు కాళ్లు

శనివారం పొద్దున ఆరూ నలభైకి మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాను. ఒళ్లో పాత దుప్పటిలో చుట్టిన రెండు పొడవాటి గొట్టాలు. మా తమ్ముడు సుధాకర్ స్పోర్ట్స్ బండికి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్లవి.

సుధాకర్ నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు. మూడు నెలల కిందట సోమల దారిలో ఒక మలుపు దగ్గర పడ్డాడు. గతుకుల మీద బ్రేకు పట్టాడు, ముందు చక్రం ఎగిరి పక్కకు జారింది. మోకాలిచిప్ప పగిలితే మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. రోజూ నేను "బాగుంది కదరా" అంటాను, వాడు "బాగుండాదన్నా" అంటాడు. అదే మాట డాక్టరమ్మకు చెప్పాను. నొప్పి లేకపోతే వచ్చే నెల నుంచి బండెక్కొచ్చని ఆమె అంది. ఆ మొదటి ఆదివారమే చర్చికి బండి మీద వస్తానని వాడు అమ్మతో చెప్పేశాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎటూ ఎక్కుతాడు కనుక ముందు ఫోర్కయినా మంచిది వేయించాలని నేను పట్టుబట్టాను. కంపెనీ ఇచ్చిన ఫోర్కు మరీ మెత్తనిదని, అందుకే పడ్డాడని పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను. పడడానికి రెండు నెలల ముందు వాడే మెత్తగా ఉందంటే నేనే ఈ గొట్టాల్లో చిక్కటి నూనె పోశాను. అదీ చాల్లేదనుకున్నాను.

కుడి గొట్టం మీద సన్నటి ప్లాస్టిక్ టై ఒకటి ఉంది. బండి తీసే ముందు సుధాకర్ దాన్ని కిందికి జరుపుతాడు. ఫోర్కు కుంగినప్పుడల్లా టై పైకి జరిగి, ఎంతవరకు కుంగిందో అక్కడే నిలబడిపోతుంది. పడిన రోజు నుంచి దాన్ని వాడు ఎవరినీ ముట్టనివ్వలేదు.

నా పక్క సీట్లో సోమల రైతు ఒకాయన. టమోటాలు మార్కెట్లో దించి ఇంటికి పోతున్నాడు.

"బోరుమోటరు సామానా అప్పా?" అన్నాడు.

సంగతి చెప్పాను. దుప్పటి మీద నుంచే ఒకసారి తడిమి చూశాడు. "ఇంత సన్నంగా ఉండాయే. మనిషి బరువు దీని మీదేనా?"

"బ్రేకు పడితే దాదాపు అంతా దీని మీదే."

ఆయన చెయ్యి తీసేసి, "పదిలంగా పెట్టుకో" అన్నాడు.

ఏడున్నరకు పుంగనూరు. బస్టాండు పక్కన ఇడ్లీ తిని, పాలకేంద్రం నడిపే రెడ్డెప్ప దగ్గరికి నడిచాను. మా వాడి లాంటి బండే అతనికీ ఉంది. కానీ ఫోర్కు లోపలి సరంజామా మొత్తం మార్పించి, కార్ట్రిడ్జి అనే రెడీమేడ్ సెట్టు వేయించాడు. స్ప్రింగు, నూనె మారిస్తే చాలని మదనపల్లె మెకానిక్ ముందురోజే చెప్పాడు. అది చవక దారి. రెడ్డెప్పది ఖరీదైన దారి. రెండింటికీ తేడా తేల్చుకుని, ఏది నచ్చితే అది వేయించేద్దామని కాళ్లు వెంటబెట్టుకుని వచ్చాను.

తాళంచెవి ఇచ్చి, "పోయి రా అన్నా" అన్నాడు. పలమనేరు రోడ్డు మీద మూడు కిలోమీటర్లు నడిపాను. స్పీడుబ్రేకరు మీద ముందు చక్రం కుంగి, తొందరపడకుండా లేచింది. బ్రేకు పడితే ముక్కు నేలకు పోలేదు. గతుకులు చేతికి తెలిశాయి గానీ చెయ్యి నొప్పి పుట్టలేదు. పైన మర తిప్పితే మెత్తదనం, గట్టితనం మార్చుకోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు అదే స్పీడుబ్రేకరు మీద ఇంకోసారి పోనిచ్చి చూశాను. ఇదే ఉండి ఉంటే వాడు పడేవాడు కాదనిపించింది.

"దీనికి పెట్టిన దుడ్డుకి ఆవొచ్చేదని మా ఆడమనిషి ఇంకా అంటానే ఉండాది" అన్నాడు రెడ్డెప్ప. "కుప్పంలో గోపాలప్ప అనే ఆయప్ప బిగించినాడు. నువ్వు కొనే ముందర పాతది ఆయప్పకు సూపించు."

తొమ్మిదీ యాభైకి పలమనేరు బస్సు దొరికింది. గంగవరం దాటాక పది నిమిషాల్లో పలమనేరులో దిగి, కుప్పం బస్సు పట్టుకున్నాను. ఈ దారిన వచ్చేవాళ్లు పలమనేరులోనే నీళ్లు కొనుక్కోవడం మంచిది. సీటు దొరకలేదు. సగం దారి ఫోర్కును బిడ్డలా భుజానికి ఆనించుకుని నిలబడ్డాను. పన్నెండూ ముప్పావుకు కుప్పం. సంగటి, ఊరిబిండి తిని ఆటో మాట్లాడుకున్నాను. గ్రానైటు కోసే షెడ్లు దాటాక, రాతిపొడితో తెల్లబడిన రేకుల కొట్టం దగ్గర దించాడు.

గోపాలప్పకు అరవై దాటాయి. బెంగళూరులో రేసు బండ్ల షెడ్లో చాలా ఏళ్లు పనిచేసి సొంతూరు వచ్చేశాడు. గోడకు పెద్ద బండ్ల నుంచి విప్పిన తలకిందుల ఫోర్కులు రెండు జతలు వేలాడుతున్నాయి. లావుపాటి భాగం పైన, సన్నటిది కింద. చూడగానే మనసు పడ్డాను. అదే కావాలని అడగబోయాను. ఆయన వినకుండా దుప్పటి విప్పి, టైని చూశాడు.

"ఎంత స్పీడులో బ్రేకు పట్టినాడు?"

"ఎనభై ఉండొచ్చు."

"అట్లయితే ఈ టై ఈడికి రావల్ల." వేలితో గొట్టం పైభాగం చూపించాడు. "సగం దాటి నిలబడిపోయిండాది. మెత్తన కాదప్పా ఇది. రాయి మాదిరి ఉండింది. చక్రం గతుకులో దిగకుండా ఎగిరింది."

టైని కత్తిరించి నా చేతిలో పెట్టాడు. మూత విప్పి, స్ప్రింగు తీసి, గొట్టాన్ని నెమ్మదిగా కిందికి నొక్కాడు. పూర్తిగా కుంగకముందే నూనె అంచు దాకా వచ్చి పొంగి, బల్ల మీద పడింది.

"నూనె కొల్సినప్పుడు కాలు నొక్కిపెట్టి కొల్సినారా, సాపిపెట్టి కొల్సినారా?"

"చాపి" అన్నాను.

"నొక్కిపెట్టి కొలవల్ల. సాపి కొలిస్తే ఎక్కువ పడతాది. ఎవురు పోసింది?"

"నేనే."

ద్రవాన్ని ఎంత నొక్కినా కుంచించుకుపోదని బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఏటా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. బల్ల అంచు నుంచి నూనె బొట్లుబొట్లుగా కారుతోంది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ నేను చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గుతో స్టూలు మీద కూర్చుండిపోయాను. గోపాలప్ప గుడ్డతో చేతులు తుడుచుకుని, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"ఇది మంచి ఫోర్కే. కొత్తది యాల? ఆ పిల్లోడి బరువెంత?"

మూడు నెలలు మంచం మీదున్న తమ్ముడి బరువు నాకు తెలియదు.

"బండి గట్టిగా ఉండాదని నీతో సెప్పలేదా?"

"చెప్పలేదు."

రెండు కాళ్లూ కడిగి, పలచటి నూనె పోసి, నొక్కిపెట్టి స్కేలుతో కొలిచి చూపించాడు. కొత్త టై కట్టాడు. బరువు తెలిశాక స్ప్రింగు సంగతి చూద్దామన్నాడు. నా వెనక ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పేదీ అదే. స్ప్రింగైనా, కార్ట్రిడ్జైనా, తలకిందుల ఫోర్కైనా కొనే ముందు ఉన్నదాన్ని తెలిసినవాడి చేత విప్పించి చూడండి.

మూడున్నరకు తిరుగు బస్సు. అయిదుంబావుకు పలమనేరులో దిగి, మదనపల్లె బస్సు కోసం ఎదురుచూస్తూ సుధాకర్‌కు ఫోన్ చేశాను. నూనె సంగతి దాచకుండా చెప్పాను. నా వల్లే పడ్డావురా అన్నాను.

 "మొదటి వారమే తెలిసిందన్నా" అన్నాడు. "గుంతలో పడితే చేతులు జివ్వుమనేవి."

"మరి యాల చెప్పలేదురా?"

"ఆదివారం పొద్దంతా కూర్చోని పోసినావు కదా. నీకెట్లా చెప్పేది."

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని ఫోర్కును ఒళ్లో పెట్టుకున్నాను. ఫోన్ చెవి దగ్గరే ఉంది. నూనె పోసి ఇచ్చాక ఎట్లా ఉందని వాణ్ని నేను ఒక్కసారి కూడా అడగలేదు. బాగుంది కదా అని మాత్రమే అన్నాను. మోకాలి గురించీ రోజూ అట్లాగే అంటున్నాను.

"సుధా, మోకాలు ఎట్లా ఉండాదిరా?"

బస్సు కదిలి ఊరు దాటింది.

"నొప్పిగా ఉండాదన్నా" అన్నాడు. "మెట్లు దిగలేకుండా ఉండాను."