కట్ట మీద నలుగురు కుర్రాళ్ళు

మా వార్డు కౌన్సిలర్ను గుద్దిన సైకిల్ నాదే. ఆ సంగతి చాలా రోజులు నాకూ నా డైరీకీ తప్ప ఎవరికీ తెలియదు.

మా వీధి నుంచి బస్టాండ్ దగ్గరి జిరాక్స్ సెంటర్‌కి, అంటే నా పనికి, కాలువ కట్ట మీదుగా వెళ్తాను. ఆ ఉదయం కట్ట మీద పిచ్చిమొక్కలు కొట్టించి కుప్పలు వేశారు. కౌన్సిలర్ ఫోన్ చాచి పట్టుకుని, తన ముఖమూ శుభ్రమైన కట్టా రెండూ పడేలా వీడియో తీసుకుంటూ, నా వైపు వెనక్కి నడిచి వస్తున్నాడు. నా సైకిల్ బెల్లు ఎప్పుడో తుప్పు పట్టింది. ‘జరగండి సార్’ అనాలి. మనసులో రెండుసార్లు అన్నాను కూడా. నోరు పెగల్లేదు. దిగి, పక్కకు ఒదిగి నిలబడ్డాను. ఆయన అభివృద్ధి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ వచ్చి నా ముందు చక్రానికి తగిలి, మొక్కల కుప్పలో కూర్చున్నాడు.

“కండ్లు కనపడ్తలేవా?” అన్నాడు.

“సారీ సార్” అన్నాను, ముఖానికి కట్టుకున్న చున్నీలోంచి. ఏం తప్పు చేశానో నాకింకా తెలియదు.

ఆ సాయంత్రం నాన్న పాల ప్యాకెట్‌తో పాటు వార్త తెచ్చాడు. “ఎవడో సైకిలోడు కౌన్సిలర్‌ను గుద్దిండంట.” నేను పప్పు కలుపుతూ ఉండిపోయాను. రెండు రోజులకు మంగలి షాపులో ఆ సైకిలోడు ఇద్దరయ్యాడు. వారం తిరిగేసరికి నలుగురు కుర్రాళ్ళు, చేతులు వదిలేసి పందెం వేసుకుంటున్నారు. ప్రతి మార్పూ తేదీ వేసి డైరీలో రాసుకున్నాను. నేను చదివిన చాలా నవలల్లో పాత్రలు ఇంత త్వరగా ఎదగవు.

సైకిళ్ళు రాకుండా కట్టకు రెండు చివర్లా గేట్లు పెట్టిస్తానని కౌన్సిలర్ అనేదాకా ఆ కథ నాకు బాగానే ఉంది.

కట్ట మూస్తే నాకు మిగిలేది గ్రానైట్ లారీలు తిరిగే మెయిన్ రోడ్డు. నాన్న గొంతు పెంచకుండానే చెప్పాడు. “ఆ రోడ్డు మీద సైకిల్ వద్దు బిడ్డా. గేటు పడితే పని మానేసి ఇంట్ల ఉండు.” ఆయన అరిస్తే వాదించవచ్చు. మెల్లగా చెబితే అది నిర్ణయం.

వార్డు మీటింగుకు వెళ్ళాను. ఆడవాళ్ళంతా నల్లా నీళ్ళ గురించి అడగాలని వచ్చారు. వెనక వరుసలో, మిరప కోతలకు పోయే ఒక అవ్వ పక్కన కూర్చున్నాను.

“సైకిళ్ళతోని పాణాలు పోతున్నయి” అన్నాడు కౌన్సిలర్ మైకులో. “నేనే సాక్ష్యం.”

“మరి మేం కూలికి ఎట్ల పోవాలె అయ్యా?” అంది అవ్వ.

“నడిచేటోళ్ళకు సందు ఉంటది. సైకిళ్ళే బంద్.”

ఎలా లేచానో తెలియదు. “సార్... అది నేనే.”

“గట్టిగ చెప్పమ్మా!”

“మిమ్మల్ని గుద్దింది నేనే సార్. నలుగురు లేరు.”

హాలంతా నవ్వింది. అవ్వ నా చెయ్యి పట్టి లాగింది. “కూసో బిడ్డా! నువ్వు గుద్దుడేంది? నీ సైకిల్‌ను చూస్తే కోడి గూడ పక్కకు జరగదు.”

కౌన్సిలర్ జాలిగా చూశాడు. “నువ్వు గాదమ్మా. వాళ్ళు మగపిల్లలు. నేను చూసిన గదా.”

“ముఖాలు చూసిన్రా సార్?”

“గుడ్డలు కట్టుకున్నరు.”

“అది నా చున్నీ. నేను దిగి నిలబడ్డ సార్. మీరే వీడియో తీసుకుంట వెనక్కి వచ్చిన్రు. ఆ వీడియో మీ ఫోన్లనే ఉంటది.”

ఇన్ని మాటలు నేను ఒక్కసారిగా బయటివాళ్ళ ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు అవ్వ మెల్లగా అంది, “చూపియ్యి కొడకా. ఆ నలుగుర్ని మేం గూడ జూస్తం.”

ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు, ఈసారి కౌన్సిలర్ వైపు చూసి.

ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. “ఈడ సిగ్నల్ లేదు” అన్నాడు.

ఫోన్లో ఉన్న వీడియో చూడటానికి సిగ్నల్ ఎందుకని అడగాలనిపించింది. కానీ ఆ రోజుకు నా ధైర్యం అయిపోయింది. గేట్ల విషయం పరిశీలనలో ఉందని చెప్పి, ఆయనే నల్లా నీళ్ళ మాట ఎత్తాడు. అంత ఇష్టంగా ఆయన నల్లాల గురించి మాట్లాడటం ఎవరూ ఎరగరు.

నాకంటే ముందే కబురు ఇల్లు చేరింది. మర్నాడు పొద్దున నాన్న నా సైకిల్‌కి కొత్త బెల్లు బిగిస్తున్నాడు.

“గేటు లేదంట గదా, పనికి పో” అన్నాడు తలెత్తకుండా. “పెద్దమనుషులు కనపడితే ముందే కొట్టు.”

గేట్లు ఇప్పటిదాకా రాలేదు. కౌన్సిలర్ పొద్దున్నే కట్ట మీద వాకింగ్ చేస్తాడు, ముందుకే నడుస్తాడు. బెల్లు కొడితే మర్యాదగా పక్కకు తప్పుకుంటాడు. మొన్న దాటి వెళ్తుంటే, పక్కనున్న ఎవరితోనో అంటున్నాడు.

“గీడనే గుద్దిన్రు నన్ను. ఐదుగురు.”