వేట మొదలైన వారంలో మా బడి లెక్క

మూడేళ్ల కిందటి జూన్. విశాఖ శివార్లలో, సముద్రం ఒడ్డునున్న మత్స్యకారుల ఊళ్లో ప్రైమరీ బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని.

కాంపోజిట్ గ్రాంట్ అని ఒకటుంటుంది. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, కారే కప్పుకి రిపేరు, అన్నీ దాంతోనే. పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. ఆ ఏడు దాన్ని పంచే పద్ధతి మారుద్దామని శాసనసభ్యుల బృందం ఒకటి బడులు చూడ్డానికి బయల్దేరింది. పిల్లలు తక్కువైతే గ్రాంటు ఆపి, బడిని కొండ అవతలి బడిలో కలిపేస్తారట. ఆ ఘాట్ రోడ్డు మీద, లారీల మధ్య, ఒకటో తరగతి పిల్లలు నడవాలన్నమాట!

నా ఖర్మ, వాళ్లొచ్చింది వేట నిషేధం ముగిసి పడవలు సముద్రంలోకి దిగిన వారంలో. గదులన్నీ బోసిగా ఉన్నాయి.

"పిల్లల్లేని బడికి డబ్బెందుకమ్మా?" అన్నారు బృందానికి పెద్దగా వచ్చిన ఎమ్మెల్యే.

వాళ్లతో వచ్చిన మా విద్యాశాఖ అధికారి నన్ను నోరెత్తొద్దని సైగ చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్లలున్నారు సార్, రండి" అని ఒడ్డుకి దారితీశాను.

అందరూ అక్కడే ఉన్నారు, వలల్లోంచి చేపలు విడదీస్తూ, ఐసు మోస్తూ. నన్ను చూసి సగంమంది పడవల చాటుకి పారిపోయారు. పిల్లల చేత పని చేయించొద్దని ఏటా తల్లులతో దెబ్బలాడుతూనే ఉంటాను. అయినా ఆరోజు నూకాలమ్మ, మా ఐదో తరగతి పిల్ల తల్లి, గంప దించి ఎమ్మెల్యేని నిలదీస్తుంటే ఆపబుద్ధి కాలేదు.

"ఏటి బాబూ, బడి తీసేత్తారా? రొండు నెల్లు వేట నేదు. ఈ వారం పిల్లలు సెయ్యేత్తేగాని గడవదు. పై వారం నానే తోల్తాను బడికి. అప్పుడొచ్చి సూడండి!"

ఎమ్మెల్యే కాస్త మెత్తబడ్డారు. "నిజమే గానీ, కొత్త రూలు ఒప్పుకోదమ్మా."

"ఆ రూలు రాసేది మీరే కదా సార్!" అనేశాను.

ఎదురు మాట్లాడినందుకు నాకు మెమో వచ్చింది. 'పిల్లలు బడిలో ఉన్నారు, వచ్చి లెక్కపెట్టుకోండి' అని జవాబు రాశాను. జులైలో అధికారులు లెక్కకి వచ్చారు. బెంచీలు చాలక పిల్లలు నేలమీద కూర్చున్నారు. గ్రాంటు వచ్చింది, బడి నిలిచింది.

పిల్లల లెక్క మాత్రం ఏటా ఇంకా వేట మొదలయ్యే జూన్‌లోనే తీస్తున్నారు. అసెంబ్లీలో చేతులెత్తేవాళ్లకి మా సముద్రం సంగతి ఎవరో ఒకరు చెప్పాలని ఆరోజు ఒడ్డున తెలుసుకున్నాను. అందుకే ఏటా చెబుతున్నాను. మెమోలు ఎన్నైనా ఇచ్చుకోనీండి.